పచ్చికపై సముద్రం

ఆటకూ యుద్ధానికీ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. చదరంగం అన్న పేరులోనే చతురంగ బలాలు కొలువై ఉన్నాయి. తెలుగు పల్లెల్లో రచ్చబండ మీద గీతలు గీసి ఆడుకొనే పులిజూదంలో బలమున్న కొద్దిమందికీ, సంఖ్య ఉన్న బలహీనులకూ మధ్య పోరాటం కనిపిస్తుంది. పల్నాటి కథలోనైతే కోడిపోరు అసలు యుద్ధానికే దారితీసింది. ఇవన్నీ నేలమీది సంగ్రామాలకు సంబంధించిన ఆటలు. సముద్రాన్ని ఆటలోకి తీసుకురావడం అంత సులభం కాదు. సముద్రానికి గళ్లు లేవు, గట్లు లేవు, చాటున దాగడానికి చెట్టూ పుట్టా లేవు. అక్కడ ఉన్నదల్లా దూరం. ఆ దూరాన్ని ఎక్కడ పరచాలన్నదే నౌకాయుద్ధ క్రీడను రూపొందించిన వారందరికీ ఎదురైన మొదటి చిక్కు. దానికి కొందరు కనుగొన్న పరిష్కారం ఇంటి వెనుక ఉండే తోట.

ఇంగ్లండు వంటి దేశాల్లో వేసవి సెలవు దినాల్లో ఈ ఆట ఆడే ఔత్సాహికులు ఉన్నారు. సమంగా కత్తిరించిన పచ్చికే వారికి సముద్రం. అందులో చుక్క నీరుండదు. ఓడలు తేలవు, వాటికి యంత్రాలూ ఉండవు. నీటిమట్టానికి పైన కనిపించే భాగాన్ని మాత్రమే చెక్కతో మలచి, అడుగును చదును చేసి, బూడిదరంగు పూసి, స్తంభాలూ పొగగొట్టాలూ ఫిరంగుల బురుజులూ అమర్చిన నమూనాలవి. కొన్ని మూరెడు పొడవుంటాయి, మరికొన్ని రెండు మూరలు. ఒక్కొక్క వంతులో ఏ ఓడ ఎంత దూరం పోవాలో, ఎటు తిరగాలో ఇరుపక్షాల వారూ ముందుగానే కాగితాలపై రాసుకొంటారు. ఆ తరువాత అందరూ ఒక్కసారిగా తమ ఓడలను చేతులతో జరుపుతారు. ఎదుటివాడు తిరిగిన దిక్కు చూసి తాను తిరుగుదామంటే కుదరదు. రాసినది రాసినట్లే జరగాలి. చూసేవారికి ఇది పెద్దల బొమ్మలాటలా కనిపిస్తుంది. వానాకాలంలో వీధి కాలువల్లో కాగితపు పడవలు వదిలిన పిల్లలు పెరిగి పెద్దవారై ఇలా తయారయ్యారా అనిపించినా ఆశ్చర్యం లేదు.

అయితే ఈ ఆటకు తోటే ఎందుకు కావలసివచ్చింది? కొంచెం లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. బ్రిటన్ నావికాదళంలో హుడ్ అనే మహానౌక ఉండేది. దాని పొడవు 262 మీటర్లు. దానిని 300 వంతులు తగ్గిస్తే 87 సెంటీమీటర్ల నమూనా వస్తుంది. చూడముచ్చటైన పరిమాణమే. కాని ఆ ఓడలోని పెద్ద ఫిరంగులు 20 కిలోమీటర్లకు పైగా గుండ్లను విసరగలిగేవి. అదే నిష్పత్తిలో 20 కిలోమీటర్లు సుమారు 67 మీటర్లు అవుతాయి. ఏ ఇంట్లో అంత గది ఉంటుంది? పోనీ, బల్లమీద ఆడుకుందామని ఓడను ఇంకా తగ్గించి అగ్గిపుల్లంత చేస్తే దూరం మూడున్నర మీటర్లలోకి దిగివస్తుంది. అప్పుడు ఓడ ఓడలా ఉండదు, అగ్గిపుల్లలాగే ఉంటుంది. అందుచేత చాలామంది ఒక రాజీకి వచ్చారు. ఓడలు ఒక కొలతలోనూ, వాటి మధ్య దూరాలు అంతకంటె బాగా కుదించిన మరో కొలతలోనూ ఉంటాయి. నిష్ఠ గలవారికి ఇది మింగుడుపడని విషయం. అలాంటివారికి ఎంత పెద్ద తోట దొరికితే అంత పండుగ.

తోటకు మరొక సుగుణం ఉంది. అది మొదటి చూపులో తట్టదు. నిలబడి ఉన్న మనిషి కన్ను నేల నుంచి సుమారు 160 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. నమూనా 300 వంతుల్లో ఒక వంతు అయినప్పుడు ఆ ఎత్తు 480 మీటర్లతో సమానం. అంటే నిలబడి చూసేవాడు నావికుడు కాడు, విమానంలో ఎగిరేవాడు. వాడికి రెండు నౌకాదళాలూ అరచేతిలో రేఖల్లా స్పష్టంగా కనిపిస్తాయి. అదే మనిషి పచ్చికపై బోర్లా పడుకొని, గడ్డం నేలకు ఆనించి చూస్తే కన్ను 10 సెంటీమీటర్ల ఎత్తుకు దిగుతుంది. అది 30 మీటర్లకు సమానం. పెద్ద యుద్ధనౌకలో స్తంభంపైన కూర్చొని దిక్కులు కనిపెట్టే కావలివాడి కన్ను దాదాపు అంత ఎత్తునే ఉండేది. అప్పుడు దృశ్యమంతా మారిపోతుంది. దూరంగా ఉన్న ఓడలు ఒకదాని వెనుక ఒకటి కలిసిపోతాయి. ఒక ఓడ దగ్గరికి వస్తున్నదో దూరంగా పోతున్నదో పోల్చుకోవడం కష్టం. గడ్డిపరక కూడా అడ్డమే.

ఈ తికమక కల్పితం కాదు. 1941 మే 24 వేకువన గ్రీన్‌లాండుకూ ఐస్‌లాండుకూ నడుమ ఉన్న డెన్మార్క్ జలసంధిలో హుడ్ తన సహనౌకతో కలిసి జర్మనుల బిస్మార్క్, ప్రింజ్ ఆయిగెన్ అనే రెండు నౌకలను ఎదుర్కొంది. ఆ రెండింటి ఆకారాలూ దూరం నుంచి చూస్తే ఒకే పోలికలో ఉండేవి. ముందు నడుస్తున్నదే బిస్మార్క్ అనుకొని హుడ్ చిన్నదైన ప్రింజ్ ఆయిగెన్‌పై కాల్పులు ప్రారంభించింది. మ్యాపు ముందు కూర్చొని ఈ సంగతి చదివేవారు అంత పెద్ద పొరపాటు ఎలా జరిగిందా అని నోరు వెళ్లబెడతారు. పచ్చికపై బోర్లా పడుకొన్నవారు మారు మాట్లాడరు.

ఈ క్రీడకు మూలపురుషులు పలువురు. స్కాట్లండులోని ఎల్డిన్‌కు చెందిన జాన్ క్లర్క్ అనే వర్తకుడు నావికుడు కాడు. చిన్నచిన్న నమూనా ఓడలను బల్లమీద పేర్చుకొని, అటూ ఇటూ జరుపుతూ ఆలోచించి, 1782లో నౌకాయుద్ధ తంత్రంపై ఒక గ్రంథాన్ని అచ్చువేయించాడు. ఒడ్డున కూర్చొని ఈత నేర్పడమంటే ఇదేనని వెక్కిరించినవారు లేకపోలేదు. అయినా ఆ గ్రంథాన్ని నావిక సేనానులే చదివారు. తరువాత 1898లో ఫ్రెడ్ జేన్ అనే ఆంగ్లేయుడు మరో క్రీడను వెలువరించాడు. ప్రపంచంలోని యుద్ధనౌకలన్నిటి వివరాలతో నేటికీ వెలువడుతున్న జేన్ వార్షిక గ్రంథం తొలుత ఆ ఆటకు తోడుగా పుట్టినదే. జేన్ ఆటలో ఫిరంగి పేల్చే పద్ధతి వింతగా ఉండేది. ఒక చెక్క తెడ్డుకు నడిమధ్యన కాకుండా ఒక పక్కగా సూదిమొన అమర్చి ఉండేది. దానితో శత్రునౌక చిత్రం గీసిన అట్టపై ఒక్క దెబ్బ కొట్టాలి. సూది గుచ్చుకొన్న చోట గుండు తగిలినట్లు. సరదాగానే ఉంటుంది గాని, ఇందులో పరీక్షకు నిలిచేది చేతివాటం. ఓడ నడిపేవాడి బుద్ధికి అక్కడ పని తక్కువ.

కంటికీ బుద్ధికీ కలిపి పరీక్ష పెట్టినవాడు ఫ్లెచర్ ప్రాట్. ఆయన అమెరికా రచయిత. చరిత్రలూ అద్భుత కథలూ రాసేవాడు. 1930లలో న్యూయార్కులోని తన ఇంటి నేలమీద మిత్రులతో ఈ ఆట ప్రారంభించాడు. ఆడేవారు పెరిగి ఇల్లు చాలకపోవడంతో పెద్ద హాలుకు మారవలసివచ్చింది. ఆయన నియమావళి 1940లో పుస్తకంగా వెలువడింది. అందులోని ఓడలు 600 వంతులు తగ్గించిన బల్సా చెక్క నమూనాలు. ఈనాడు తోటల్లో ఆడేవారిలో ఎందరో ఆ నియమాలనే తమకు అనువుగా దిద్దుకొని వాడుకొంటున్నారు.

ప్రాట్ నియమాల్లో కీలకమైనది ఒకటే. ఆటగాడు మోకాళ్లపై కూర్చొని, తన ఓడ నుంచి శత్రునౌక వైపు ఒక బాణపు గుర్తు పెట్టి, ఆ ఓడ ఎన్ని అంగుళాల దూరంలో ఉన్నదో కంటి అంచనాతో కాగితంపై రాయాలి. కొలవకూడదు, అడుగులు వేసి చూడకూడదు. అందరూ రాసిన తరువాత తీర్పరి కొలతటేపుతో వస్తాడు. బాణం చూపిన దిక్కుకు టేపు పరచి, రాసిన అంగుళాల దగ్గర చిన్న కొయ్య మేకు గుచ్చుతాడు. గుండు పడినది అక్కడ. అది శత్రునౌకపై పడిందా సరే సరి. ఓడకు బెత్తెడు ఇవతలో, జానెడు అవతలో పడితే నీళ్లపాలు. తగిలిన ప్రతి గుండుకూ ఆ ఓడ చీటీలోని అంకెలు తగ్గుతాయి. అంకెలు తగ్గినకొద్దీ వేగం పడిపోతుంది, ఫిరంగులు ఒక్కొక్కటే మూగబోతాయి. చివరికి తీర్పరి ఆ ఓడను ఎత్తి పక్కన పెడతాడు.

చెప్పడానికి తేలికగా ఉన్నా, ఇందులోని కాఠిన్యం ఆడేవారికే తెలుస్తుంది. గది నేలకు పలకలుంటాయి, గోడలుంటాయి. వాటిని చూసి దూరాన్ని ఊహించవచ్చు. పచ్చికకు అవేవీ లేవు. ఎండ వాలినకొద్దీ నీడలు సాగి, దూరం ఉన్నదానికంటె ఎక్కువగా తోస్తుంది. పల్లపు నేలలో ఉన్న ఓడ చిన్నదిగా కనిపిస్తుంది. పైగా లక్ష్యం ఒకచోట నిలిచి ఉండదు. అసలు సముద్రంలో దూరానికి విసిరిన గుండు లక్ష్యాన్ని చేరడానికి అర నిమిషానికి పైగా పట్టేది. 30 నాట్ల వేగంతో పోయే ఓడ ఆ అర నిమిషంలో 450 మీటర్లకు పైగా ముందుకు సాగిపోతుంది. అది దాని పొడవుకు రెట్టింపు దగ్గరి మాట. అంటే ఓడ ఉన్నచోట కాక, ఉండబోయే చోట కొట్టాలి. మొదటి వంతులో గురి తప్పినవాడు ఆ మేకు ఎక్కడ పడిందో చూసి రెండో వంతులో సవరించుకొంటాడు. ఆలోగా ఎదుటివాడు దారి మారుస్తాడు. ఎవరి అంచనా ఏపాటిదో టేపు పరచినప్పుడు అందరి ఎదుటా బయటపడుతుంది. పదవిలో ఎంతటివాడైనా టేపుకు లెక్క లేదు.

ఇక్కడే ఆటకూ వేడుకకూ తేడా. ఇంగ్లండు తూర్పు తీరంలో స్కార్బరో అనే పట్టణం ఉంది. అక్కడి పీజ్‌హోమ్ ఉద్యానవనంలోని చెరువులో 1927లో ఒక నౌకాయుద్ధ ప్రదర్శన మొదలైంది. ఆ ఓడలు చెక్కతో చేసినవే గాని పొడవు ఇరవై అడుగుల దాకా ఉంటుంది. పురపాలక సంఘ ఉద్యోగులు వాటి లోపల కూర్చొని, తలలు కనిపించకుండా నడుపుతారు. బాణసంచా పేలుతుంది, పొగ లేస్తుంది. ఒడ్డున కుటుంబాలు కూర్చొని చప్పట్లు కొడతాయి. రెండో ప్రపంచయుద్ధం తరువాత చాలాకాలం 1939 నాటి రివర్ ప్లేట్ యుద్ధాన్ని అక్కడ ప్రదర్శించారు. ఎన్నిసార్లు ఆడినా గెలిచేది బ్రిటిషువారే. వీథి నాటకంలో కంసుడు గెలిచినట్లు ఎవరైనా చూశారా? ఇదీ అంతే. ఫలితం ముందే తెలిసినప్పుడు అది నాటకమవుతుంది. నాటకంగా దానిని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు.

కాని ఆ పట్టణానికి మరో జ్ఞాపకం ఉంది. 1914 డిసెంబరు 16 ఉదయం మంచు తెర చాటు నుంచి జర్మన్ యుద్ధనౌకలు తీరానికి దగ్గరగా వచ్చి స్కార్బరోపై కొన్ని వందల గుండ్లు కురిపించాయి. ఇళ్లలో ఉన్నవారు, వీథిలో పోతున్నవారు ప్రాణాలు కోల్పోయారు. వారిలో పద్నాలుగు నెలల పసికందు కూడా ఉన్నాడు. ఆ ఉదయం స్కార్బరో, హార్టిల్‌పూల్, విట్బీ పట్టణాలు మూడింటిలో కలిపి 130 మందికి పైగా మరణించారు. దానికి మూడు నెలలకు ముందే, 1914 సెప్టెంబరు 22 రాత్రి, ఎమ్డెన్ అనే జర్మన్ నౌక మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను తగులబెట్టింది. ఆనాడు మద్రాసే తెలుగు జిల్లాలకూ రాజధాని. యుద్ధమంటే ఎక్కడో ఐరోపాలో అనుకొన్నవారికి ఆ మంట సమీపంలోనే కనిపించింది. స్కార్బరోలో గుండ్లు పడిన పదమూడేళ్లకే అదే ఊరివారు చెరువులో యుద్ధనౌకలను వేడుకగా ఆడించగలిగారంటే దానిని మరపు అనాలా, ఓదార్పు అనాలా? తీర్పు చెప్పడం బయటివారికి తగినది కాదు.

తోటలో ఆడేవారికీ ఈ ప్రశ్న తప్పదు. డెన్మార్క్ జలసంధి పోరును పచ్చికపై పరచి ఆడేటప్పుడు హుడ్ ఒక్కొక్కసారి గెలుస్తుంది, ఒక్కొక్కసారి మునుగుతుంది. మునిగినప్పుడు దానిని ఎత్తి పక్కన పెట్టడానికి ఒక్క మనిషి, రెండు చేతులు చాలు. అసలు నాటి వేకువన కాల్పులు మొదలైనప్పుడు ఇరుపక్షాల మధ్య దూరం సుమారు 24 కిలోమీటర్లు. పది నిమిషాలు గడవకముందే బిస్మార్క్ గుండు తగిలి హుడ్ పేలిపోయింది. అందులో 1,418 మంది ఉన్నారు. బతికి బయటపడినవారు ముగ్గురు. చీటీలోని అంకె సున్నా కావడమంటే అర్థం అదీ. మంచి ఆటగాళ్లు ఈ సంగతిని పదేపదే ప్రస్తావించరు. అలాగని దానిని మరచిపోయి కేరింతలు కొట్టేవారితో ఆడటానికీ ఇష్టపడరు.

కొలతటేపును గౌరవించకపోతే ఏమవుతుందో చెప్పే ఉదంతం జపాను నావికాదళంలో జరిగింది. 1942 మే నెల తొలి దినాల్లో యమాటో అనే మహానౌకపై ఉన్నతాధికారులు సమావేశమై, తాము తలపెట్టిన మిడ్వే దండయాత్రను బల్లపై ఆడి చూసుకొన్నారు. ఆ ఆటలో అమెరికా విమానాలు జపాను విమానవాహక నౌకలపై బాంబులు వేసే ఘట్టం వచ్చింది. పాచికలు వేసి లెక్క చూసిన అధికారి తొమ్మిది బాంబులు తగిలాయని తేల్చాడు. రెండు వాహకనౌకలు మునిగినట్లే. ఆటను నిర్వహిస్తున్న ఉగాకి అనే సేనాని కలుగజేసుకొని ఆ తొమ్మిదిని మూడుకు తగ్గించాడు. దానితో అకాగీ స్వల్పంగా దెబ్బతిన్నట్లూ, కాగా మాత్రమే మునిగినట్లూ లెక్క మారింది. తరువాతి ఘట్టంలో ఆ కాగా కూడా తిరిగి తేలి యుద్ధంలో పాల్గొంది! జూన్ 4న మిడ్వే దగ్గర అమెరికా విమానాలు నిజంగానే వచ్చాయి. అకాగీ, కాగా, సోర్యూ, హిర్యూ అనే నాలుగు వాహకనౌకలూ ఆ దాడులకు నాశనమయ్యాయి. జపానువారు మూడువేల మందికి పైగా మరణించారు. ఆటలో మునిగాయి కనుక యుద్ధంలోనూ మునిగాయనడం జ్యోతిషం చెప్పినట్లు అవుతుంది. పాచికకు భవిష్యత్తు తెలియదు. అయితే ఇలా కూడా జరగవచ్చు సుమా అని బల్ల మీది ఆట ఒక అనుమానాన్ని ముందు పెట్టింది. ఆ అనుమానాన్ని తీరిగ్గా కూర్చొని ఆలోచించడానికి వారికి నెలరోజుల వ్యవధి ఉంది.

సరిగ్గా అదే సంవత్సరంలో, భూగోళానికి మరో వైపున, ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో ఇంకొక ఆట నడుస్తూ ఉండేది. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా బ్రిటన్‌కు తిండిగింజలూ చమురూ చేరవేసే సరుకు ఓడలను జర్మన్ జలాంతర్గాములు వరసబెట్టి ముంచుతున్న కాలమది. రక్షకనౌకల కాపలాలో గుంపుగా సాగే ఓడల సమూహాన్ని కాన్వాయి అంటారు. ఎంత కాపలా ఉన్నా జలాంతర్గాములు ఎక్కడి నుంచి వచ్చి దెబ్బ తీస్తున్నాయో కాపలావారికి అంతుచిక్కలేదు. ఆ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన బ్రిటిష్ వాణిజ్య నావికులు దాదాపు ముప్పైవేల మంది. క్షయవ్యాధి కారణంగా నావికాదళం నుంచి విరమించుకోవలసివచ్చిన గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారిని 1942 జనవరిలో ఈ చిక్కు విప్పడానికి లివర్‌పూల్‌లోని డర్బీ హౌస్‌కు పంపారు. ఆయనకు సహాయకులుగా వచ్చినవారు మహిళా నావిక సేవాదళానికి చెందిన యువతులు. వారిలో చాలామంది ఇరవై ఏళ్ల లోపువారో, ఇరవై దాటినవారో. ఓడ నడిపిన అనుభవం వారికి లేదు. లెక్కల్లో మాత్రం దిట్టలు.

వారు నేలనే సముద్రంగా చేసుకొన్నారు. గదిలో నేలపై గళ్లు గీసి, పది అంగుళాలను ఒక నాటికల్ మైలుగా నిర్ణయించారు. చెక్కతో చేసిన చిన్న ఓడలను దానిపై పేర్చారు. గది చుట్టూ కాన్వాసు తెరలు కట్టి, వాటికి చూపు రంధ్రాలు పెట్టారు. శిక్షణకు వచ్చిన నావికాధికారి తెర వెనుక కూర్చొని ఆ రంధ్రంలోంచి మాత్రమే చూడాలి. చీకటి రాత్రి ఓడ మీద నిలబడినవాడికి ఎంత కనిపిస్తుందో అంతే కనిపించేటట్లు ఏర్పాటు చేశారు. ఓడలు నడిచిన దారిని తెల్లసుద్దతో గీసేవారు. జలాంతర్గాముల దారిని ఆకుపచ్చ సుద్దతో గీసేవారు. ఆ రంగు రంధ్రంలోంచి చూసేవాడికి నేల రంగులో కలిసిపోయి కనిపించేది కాదు. ఒక్కొక్క వంతు రెండు నిమిషాలకు సమానం. అధికారి తన ఆజ్ఞను చీటీపై రాసి ఇస్తే యువతులు దాని ప్రకారం ఓడను జరిపేవారు. ఆట ముగిశాక తెరలు తీసి, అధికారులను పిలిచి, జరిగినదంతా నేలపైనే చూపేవారు. తాను చూడలేని ఆకుపచ్చ గీత తన ఓడకు ఎంత దగ్గరగా పోయిందో అప్పుడు తెలిసి అనుభవజ్ఞులే నివ్వెరపోయేవారట.

జలాంతర్గాములు కాన్వాయికి బయట, దూరాన నిలిచి దాడి చేస్తున్నాయని అంతవరకు అందరూ నమ్మేవారు. రాబర్ట్స్ తన సహాయకులు జీన్ లెయిడ్లా, జానెట్ ఓకెల్‌లతో కలిసి పాత దాడుల నివేదికలను ముందు పెట్టుకొని నేలపై మళ్లీ మళ్లీ ఆడి చూశాడు. బయట నుంచి కొడితే లెక్క కుదరలేదు. మునిగిన ఓడలు ఏ వరుసల్లో ఉన్నాయో చూస్తే జలాంతర్గామి కాన్వాయి నడుమనే ఉండి తీరాలి. మరి నడుమకు ఎలా వచ్చింది? వెనుక నుంచి. కాపలావారంతా ముందుకూ పక్కలకూ చూస్తారు. రాత్రివేళ నీటిపైకి తేలి, వెనుకగా వచ్చి, వరుసల మధ్యకు దూరి, దెబ్బకొట్టి, లోతుకు మునిగిపోతే కాన్వాయి దానిపై నుంచి సాగిపోతుంది. వెదికేవారు వెదకవలసిన చోట తప్ప అంతటా వెదుకుతారు. దాగుడుమూతల్లో దొంగ వీపు వెనుకే నక్కి తిరిగే గడుసు పిల్లవాడి ఎత్తు ఇది. దీనికి విరుగుడుగా రక్షకనౌకలన్నీ ఒక్క సంకేతంతో క్రమపద్ధతిలో మళ్లి, జలాంతర్గామి మునిగి వెనుకబడే ప్రాంతాన్ని గాలించే వ్యూహాన్ని రూపొందించారు. లెయిడ్లా దానికి రాస్ప్‌బెర్రీ అని పేరు పెట్టింది. అది ఒక పండు పేరు. ఇంగ్లీషువారి వాడుకలో నాలుక చాచి చేసే వెక్కిరింత చప్పుడుకు కూడా అదే పేరు. ఆ వెక్కిరింత హిట్లరుకు ఉద్దేశించినది.

పై అధికారి పెర్సీ నోబుల్ తొలుత దీనిని అంతగా నమ్మలేదు. స్వయంగా వచ్చి చూసిన తరువాత ఆ వ్యూహాన్ని కాన్వాయి రక్షకులందరికీ అందించే ఏర్పాటు చేశాడు. 1942 నవంబరులో ఆయన స్థానంలోకి మాక్స్ హార్టన్ వచ్చాడు. హార్టన్ సామాన్యుడు కాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జలాంతర్గామి నడిపి పేరు తెచ్చుకొన్నవాడు. ఈ ఆటేమిటో చూద్దామని తాను జలాంతర్గామి పక్షాన కూర్చొన్నాడు. మొదటిసారి మునిగాడు. రెండోసారీ మునిగాడు. అలా ఐదుసార్లు ఆడి ఐదుసార్లూ మునిగాడు. ఎదుటి పక్షాన ఎవరున్నారని అడిగితే తెర వెనుక నుంచి వచ్చినది జానెట్ ఓకెల్. అధికార హోదాలో ఆయనకూ ఆమెకూ హస్తిమశకాంతరం. తొమ్మిదిని మూడు చేయగల అధికారం ఆయన చేతిలో లేకపోలేదు. ఆయన ఆ పని చేయలేదు. ఆ గదిలో శిక్షణ ఆ తరువాత కూడా నిరాటంకంగా సాగింది.

యుద్ధం ముగిసేనాటికి ఆ నేల చుట్టూ నిలిచి నేర్చుకొన్న అధికారులు సుమారు ఐదువేల మంది. ఆకుపచ్చ గీతలు గీసినది జర్మన్ నావికుల దారులకే కనుక వారి మాటా చెప్పుకోవాలి. ఆ యుద్ధంలో జలాంతర్గాముల్లో పనిచేసిన సుమారు నలభైవేల మంది జర్మనుల్లో నాలుగింట మూడు వంతుల మంది సముద్రంలోనే మిగిలిపోయారు. లివర్‌పూల్‌లో మాత్రం ఒక బృందం వెళ్లగానే మరో బృందం వచ్చేది. యువతులు మోకాళ్లపై వంగి నేలమీది గీతలు తుడిచి, ఓడలను మొదటి చోట్లకు చేర్చి, తెరలు దించి, కొత్త సుద్దముక్కలు అందుకొనేవారు.